పేనిన తాడు

మా ఇంట్లో యేసుప్రభువు
తాకట్టు కొట్టువాళ్ళు పంచిన క్యాలెండర్‌లో ఉంటాడు.
భుజాల మీద గొర్రెపిల్ల, కళ్ళల్లో తేనె,
పాదాల కింద
గ్రాము బంగారానికి ఎంతిస్తారో, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో.
పదకొండేళ్ళుగా ఏటా కొత్తాయన వస్తాడు
అదే మేకుకి.
నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

నేనూ ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు.
కాశిమేడులో తెలుగు ఆరాధన ఆరున్నరకే.
ఎనిమిదయ్యేసరికి తమిళ సంఘానికి హాలు ఖాళీ చెయ్యాలి.
కానుకల సంచి నా చేతిలో,
సంఘం లెక్కల పుస్తకం నా చంకలో.
ఇంకో పుస్తకం ఉంది, బీరువాలో.
వల చిరిగినవాళ్ళు, ఇంజను కాలినవాళ్ళు,
వేట ఆపించే ఆ రెండు నెలలు
గంజికి వెతుక్కునేవాళ్ళు
అందులో వరసగా ఉంటారు,
నూటికి పది చొప్పున.

మొన్న ఆదివారం పాస్టరుగారు నెల్లూరు వెళ్ళారు.
మాట చెప్పడానికి ఓబద్య లేచాడు,
రేవులో తాళ్ళు పేనే ముసలాయన,
సంతకానికి వేలిముద్ర.
“గుడిలో బల్లలు తిరగేసినప్పుడు
ప్రభువుకి ఒక్కసారిగా కోపం వచ్చిందంటారు గదా.
నాకు చదువు లేదు, తాడు తెలుసు.
పోగులు ఏరుకోవాల, కొస బొటనవేలికి తగిలించాల,
పురి పెట్టాల, ముడెయ్యాల.
కొరడా అయ్యేలోపల కుండెడన్నం ఉడుకుద్ది.
అంతసేపూ ఆయన కూర్చోని
వాళ్ళ చిల్లర లెక్కలు చూస్తానే ఉండాడు.
చల్లారాల్సిన కోపమైతే చల్లారిపోవాల.”
అంతే. కూర్చున్నాడు.
వెనక బెంచీలో ఎవరో దగ్గారు.

సంచి పట్టుకుని వరసల మధ్య నడుస్తున్నాను,
నాణేలు పడుతున్నాయి,
నాకు వినపడుతున్నది వేరే చప్పుడు.

వేలంపాట షెడ్డులో, ఐసు పెట్టె మీద
గొంతుక్కూర్చుని ఉన్నాడు.
ఎండకి కమిలిన మెడ, మడమలకి చేప పొలుసులు,
తొడ మీద అరచేత్తో పురి పెడుతున్నాడు.
గొర్రెపిల్ల కోసం చూశాను.
పేనడానికి రెండు చేతులూ కావాలి గదా,
ఎప్పుడో కిందికి దించేశాడు.

“ప్రభువా, వీళ్ళకి బ్యాంకులు ఇవ్వవు, నేనేగా ఇచ్చేది.”
ఆ పోగు అందుకున్నాడు.
“వానాకాలం హాలు అద్దె నా జేబులోంచే కట్టాను.”
అదీ అందుకుని కలిపాడు.
“పిల్ల నర్సింగు చదువు, మీకు తెలియనిదా.”
తెలిసినట్టే తలూపి
దాన్ని మరీ గట్టిగా మెలిపెట్టాడు.
నేను మాట్లాడే కొద్దీ
తాడు పొడుగవుతోంది.

రాత్రి బీరువా తీశాను.
దోర్కా పేజీ. అసలు ఇరవై వేలు.
మూడేళ్ళలో కట్టిన వడ్డీ నలభై ఒకటి.
అసలు అలాగే ఉంది, చెక్కు చెదరకుండా.
ఆమె ఆదివారం కానుక పది రూపాయలు
మడతపెట్టి వేస్తుంది, ఎవరికీ కనపడకుండా.
ఆ మడత నేనే విప్పి లెక్కపెడతాను.

పేజీకి అడ్డంగా ‘చెల్లు’ అని రాశాను.
చెయ్యి వణికింది. కళ్ళు చెమర్చాయి.
నామీద నాకే ముచ్చటేసింది.
తలెత్తి చూస్తే
క్యాలెండర్‌లో ఆయన నవ్వుతున్నాడు,
నిన్నా అలాగే నవ్వాడు,
వడ్డీ వసూలు చేసుకొచ్చిన రోజునా అలాగే.

షెడ్డులో ఉన్నాయన నవ్వలేదు.
భళా అనలేదు.
తాడు కొస ఒకసారి లాగి చూసుకున్నాడు,
బిగువు సరిపోయిందా అని.

పేజీ తిప్పాను.
యోనా. ఇంజను. ముప్పై వేలు.
పెన్ను మూత పెట్టలేదు.
ఇంకా ఏమీ రాయనూ లేదు.
కిటికీ అవతల, రేవు వైపు
ఎవరో పేనుతూనే ఉన్నారు.